ఒకే పేరు, వేర్వేరు పుస్తకాలు: కామిక్స్ పునర్ముద్రణల మీద పాఠకుల మాట ఎందుకు కలవదు

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్తే బొమ్మల పుస్తకాల స్టాళ్ల దగ్గర ఒక వాదన తరచూ చెవిన పడుతుంది. ఒకే సంపుటం చేతిలో పట్టుకుని ఒకరు "ఇంత మంచి అచ్చు మళ్లీ రాదు, వదలొద్దు" అంటారు. పక్కనున్నవారు "డబ్బు దండగ, లెనిన్ సెంటర్లో పాత సంచికలు దొరికితే అవే తీసుకో" అంటారు. ఇద్దరికీ ఆ కథంటే ప్రాణమే, ఇద్దరూ దాన్ని చిన్నప్పుడే చదివినవారే. అయినా ఒకరు ఔనన్నది ఇంకొకరు కాదంటారు.

అభిరుచిలో తేడా కొంత ఉండొచ్చు గానీ అసలు కారణం వేరు. పునర్ముద్రణ అనగానే పాత పుస్తకానికి నకలు అనుకుంటాం. నిజానికి అది పాత బొమ్మలను ముడిసరుకుగా తీసుకుని కొత్తగా తయారుచేసిన పుస్తకం. బొమ్మ ఏ ప్రతి నుంచి తీశారు, ఎంత సైజుకు కుదించారు, రంగులు ఉంచారా మార్చారా, ఏ కాగితం మీద వేశారు, కుట్టారా అతికించారా, బెలూన్లలో అక్షరాలు ఎలా పేర్చారు అన్నదాన్ని బట్టి ఒకే పేరుతో నాలుగైదు రకాల పుస్తకాలు బజార్లో తిరుగుతుంటాయి. మెచ్చుకునేవారు కథకు మార్కులు వేస్తుంటారు, తిట్టేవారు అచ్చుకు వేస్తుంటారు. ఏ ప్రచురణ, ఏ ఏటి ముద్రణ అని చెప్పకుండా ఇచ్చిన అభిప్రాయం కొనేవారికి ఎందుకూ పనికిరాదు.

సంపుటం అనే ఆలోచన మనకు బయటి నుంచి వచ్చింది కాదు. వారపత్రికల్లో సీరియల్ పేజీలను వారం వారం పిన్ను విప్పి తీసి దాచి, ఆఖరి భాగం వచ్చాక బైండింగ్ షాపులో ఇచ్చి కాలికో గుడ్డ వీపుతో అట్ట వేయించుకోవడం కృష్ణా, గుంటూరు జిల్లాల ఇళ్లలో మామూలు అలవాటుగా ఉండేది. చందమామ, బాలమిత్ర, బొమ్మరిల్లు అయితే ఏడాదికి పన్నెండు సంచికలు కలిపి ఒక బైండు. ఏలూరు రోడ్డు పాత పుస్తకాల దుకాణాల్లో ఇప్పటికీ అప్పుడప్పుడు అలాంటివి కనిపిస్తాయి. ఒకటి తీసి మధ్యకు తెరవండి. పక్క కుట్టు వేసేటప్పుడు వీపు నుంచి పావు అంగుళం లోపలికి బెజ్జాలు పొడిచి దారం లాగుతారు. ఆ పావు అంగుళానికి మడతలో చిక్కుకునే మరో పావు అంగుళం తోడై లోపలివైపు బొమ్మ అర అంగుళం మాయమవుతుంది. మూడు పక్కలా కటింగ్ మిషన్ మీద చదును చేస్తే పేజీ నంబర్లతో పాటు బొమ్మ అంచులూ తెగిపోతాయి. లావు తగ్గుతుందని చాలామంది అట్టలూ ప్రకటనల పేజీలూ తీయించేసేవారు. ఈ రోజు వేల రూపాయలు పోసి కొనే సంపుటాల మీద వచ్చే ఫిర్యాదులు సరిగ్గా ఇవే. మడత బొమ్మను మింగేసింది, అంచులు తెగాయి, పాత అట్టబొమ్మలు లేవు.

బొమ్మ ఎక్కడి నుంచి వచ్చింది

పునర్ముద్రణకు అన్నిటికన్నా మేలైన మూలం చిత్రకారుడు గీసిన అసలు షీటు. దాని తర్వాతది ఆనాటి ప్రెస్సు తీసిన ఫిల్ము. రెండూ లేనప్పుడు అచ్చయిన సంచికనే స్కాన్ చేయాలి. తెలుగులో పాత బొమ్మల కథలకు చాలా వరకు ఈ మూడోదే గతి. చందమామ 1947 జులైలో మొదలైంది. చిత్రా, శంకర్, వపాల బొమ్మల కోసమే దాన్ని దాచుకున్నవారు వేలల్లో ఉన్నారు. అందులో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లు అనగానే మొదట కళ్ల ముందు మెదిలేది చిత్రా గీసిన బొమ్మే. అలాంటి బొమ్మను నలిగిన సంచిక నుంచి తీసి మళ్లీ అచ్చు వేస్తే ఏం జరుగుతుందో తెలిస్తే సగం వాదనలు అక్కడే తీరిపోతాయి.

రంగు అచ్చంతా చుక్కల మీద నడుస్తుంది. నీలం, ఎరుపు, పసుపు, నలుపు సిరాలు సన్నని చుక్కలుగా పడి కంటికి రంగుగా కలుస్తాయి. అచ్చయిన పేజీని స్కాన్ చేసి మళ్లీ ముద్రిస్తే పాత చుక్కల మీద కొత్త చుక్కలు పడతాయి. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి పరిస్తే కనిపించే అలల గళ్ల లాంటివి ఆకాశం మీద, ముఖాల మీద తేలుతాయి. ప్రెస్సువాళ్లు దీన్ని మోరే అంటారు. దాన్ని పోగొట్టడానికి కంప్యూటర్లో బొమ్మను కొంచెం చెదరగొడతారు. గళ్లు పోతాయి, వాటితోపాటే నల్ల గీతల పదునూ పోతుంది. "బొమ్మ మసకగా ఉంది" అన్న ఫిర్యాదుకు చాలాసార్లు మూలం ఇదే.

దీన్ని కొట్టు దగ్గరే పట్టుకోవచ్చు. యుద్ధం బొమ్మలూ ముఖపత్రాలూ చూసి లాభం లేదు, అవి ఎలాగూ బాగానే వస్తాయి. మునుల గడ్డాలు, చెట్ల ఆకులు, చీర అంచులు, నీడ కోసం గీసిన సన్నని అడ్డగీతలు చూడాలి. గీతలు విడివిడిగా కనిపిస్తే మూలం మంచిది. ఒకదానితో ఒకటి అంటుకుని నల్ల ముద్దలా ఉంటే అది జిరాక్సుకు జిరాక్సు తీసినట్టు రెండు మూడు చేతులు మారిన ప్రతి. తెల్లగా ఉండాల్సిన చోట వెనక పేజీ అక్షరాల నీడ తిరగబడి కనిపిస్తే, పల్చటి న్యూస్‌ప్రింట్ పేజీని వెనక తెల్ల మూతతోనే స్కాన్ చేశారన్నమాట. గీతల అంచులు మెట్లుమెట్లుగా ఉంటే తక్కువ రిజల్యూషన్ ఫైలును పెద్దది చేసి వేశారు. నలుపు తెలుపు గీత బొమ్మకు కనీసం 600 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని లెక్క) కావాలి, రంగు బొమ్మకు అచ్చు సైజులో 300. నెట్‌లో చదువుకోవడానికి పెట్టిన పీడీఎఫ్‌లు చాలావరకు ఇందులో సగానికీ రావు. చదువుకోవడానికి అవి బంగారమే, అచ్చుకు మాత్రం పనికిరావు.

రంగుల దగ్గర తగవు ఇంకోలా ఉంటుంది. పాత న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చేస్తుంది, చుక్క పరుచుకుని రంగు మందగిస్తుంది. ఆ సంగతి తెలిసిన ఆనాటి రంగులవాళ్లు గాఢమైన పసుపు, గాఢమైన ఎరుపు వాడారు. అవే పాళ్లను నున్నటి ఆర్ట్ పేపరు మీద వేస్తే సిరా పైనే నిలిచి కళ్లు జిగేలుమంటాయి. రంగు మార్చకపోయినా రంగు మారినట్టే. ఇక కావాలని మార్చిన సందర్భాలున్నాయి. 1988లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ పుస్తకం 'ది కిల్లింగ్ జోక్'కు మొదట రంగులు వేసింది జాన్ హిగిన్స్. 2008 ప్రత్యేక ముద్రణకు చిత్రకారుడు బ్రయన్ బోలండే స్వయంగా మళ్లీ రంగులు వేశారు. నారింజ, ఊదా రంగులు తగ్గి బూడిద రంగు పెరిగింది. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా ఆ రెండో రంగులవే. గీసినవాడి ఇష్టమే తుది మాట అనేవారు ఒకవైపు, చదివినప్పుడు మనసులో పడిన రంగే అసలు రంగు అనేవారు మరోవైపు. రెండోవారి మాటలో బలముంది. ఆ కథలోని వెర్రి వాతావరణంలో సగం ఆ ఘాటైన రంగులే తెచ్చాయి. చిత్రకారుడికి మార్చుకునే హక్కు ఉంది. కాకపోతే పాతది కూడా అచ్చులో ఉండాలి.

తెలుగులో బెలూన్ కష్టాలు

విదేశీ కామిక్స్ గురించిన చర్చల్లో అసలు రాని సమస్య ఒకటి తెలుగు ప్రచురణలను ఎక్కువగా దెబ్బతీస్తోంది. అది అక్షరాల పేర్పు. ఇంగ్లీషు కామిక్స్‌లో మాటలు పెద్దబడి (క్యాపిటల్) అక్షరాల్లో ఉంటాయి. అన్నీ ఒకే ఎత్తు, కిందికి దిగే తోకలు లేవు కాబట్టి వరుసలను ఇరుకుగా పేర్చినా చదవొచ్చు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు. 'రాష్ట్రం', 'శాస్త్రి' లాంటి మాటలకు వత్తు కింద ఇంకో వత్తు. 10 పాయింట్ల తెలుగు అక్షరం హాయిగా చదవాలంటే వరుసకూ వరుసకూ మధ్య 14 నుంచి 15 పాయింట్ల ఎడం ఇవ్వాలి. ఇంగ్లీషుకు 11 చాలు. నాలుగు వరుసల ఇంగ్లీషు పట్టిన బెలూన్లో తెలుగు మూడు వరుసలే పడుతుంది.

దానికి తోడు మన మాటలు పొడుగు. బెలూన్ కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, పై వరుసా కింది వరుసా సన్నం. 'వెళ్లిపోతున్నాడేమో' అన్న మాట మధ్య వరుసలో తప్ప పట్టదు. అప్పుడు పేజీ కూర్చేవాళ్లు అక్షరాన్ని 7 పాయింట్లకు తగ్గిస్తారు, లేదా మాటను అడ్డంగా విరగ్గొడతారు, లేదా అక్షరాలను పక్కల నుంచి నొక్కి సన్నం చేస్తారు. ఈ మూడూ చదివేవారికి శిక్షే. సరైన దారి అనువాదం దగ్గరే ఉంది. "అతడు ఇక్కడి నుంచి వెళ్లిపోతున్నాడు, పట్టుకోండి" అనే బదులు "పోతున్నాడు, పట్టండి!" అని రాసే అనువాదకుడు బెలూన్నీ కాపాడతాడు, తెలుగునీ కాపాడతాడు. తెలుగు కామిక్స్ మీద వచ్చే "బొమ్మలు బాగున్నాయి, మాటలు బాలేవు" అన్న విమర్శ చాలాసార్లు భాష మీద పట్టు లేక వచ్చింది కాదు. అనువాదకుడికి విడి కాగితం మీద ఇంగ్లీషు వాక్యాలు ఇచ్చి, బెలూన్లు చూపించకుండా రాయించినందువల్ల వచ్చింది.

పాత పుస్తకం మళ్లీ వేసేటప్పుడు చేతిరాత మాటలను తీసేసి కంప్యూటర్ అక్షరాలు పెట్టడం మరో నష్టం. బుజ్జాయి 'డుంబు' లాంటి బొమ్మల కథల్లో అక్షరం బొమ్మలో భాగం. అరుపుకు లావెక్కి, గొణుగుడుకు సన్నబడుతుంది. దాని స్థానంలో ఏకరీతిగా ఉండే ఫాంటు పెడితే పాత్రలన్నీ ఒకే గొంతుతో మాట్లాడినట్టుంటుంది. ఇక సాంకేతిక తప్పులు. యూనికోడ్‌కు ముందునాటి అను ఫాంట్లలో టైపు చేసి దాచిన పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చినప్పుడు వత్తులు ఒక అక్షరం అటో ఇటో జరుగుతాయి, కొన్ని మాయమవుతాయి. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో మన లిపులకు పనికొచ్చే వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకుండా యూనికోడ్ తెలుగు పోస్తే వత్తులు విడిపోయి పొల్లులుగా మారతాయి. ఇది పుస్తకమంతా ఒకే రకంగా ఉంటుంది కాబట్టి ప్రూఫు చూసే మనిషి మొదటి రెండు పేజీల్లోనే పట్టుకోగలడు. పట్టుకోలేదంటే ప్రూఫు చూడలేదనే అర్థం. శబ్దాల సంగతీ అంతే. బొమ్మలో కలిసిపోయిన ఇంగ్లీషు చప్పుళ్లను అలాగే వదిలేసి కింద నక్షత్రం గుర్తుతో అర్థం రాయడం ఎవరికీ నచ్చదు. ధడేల్, ఫెళఫెళ, ఛెళ్లు, బుడుంగు అని చప్పుళ్లకు ఇన్ని మాటలున్న భాషలో ఆ పని చేయకూడదు.

ఈ కష్టాన్ని రెట్టింపు చేసేది సైజు. అమెరికా నెలవారీ సంచిక సుమారు 6.6 అంగుళాల వెడల్పు, 10.2 అంగుళాల ఎత్తు. 2024లో బ్యాట్‌మ్యాన్ ప్రచురణ సంస్థ డీసీ మొదలుపెట్టిన కాంపాక్ట్ కామిక్స్ వరుస 5.5 × 8.5 అంగుళాలు. ఈ రెండో కొలత మన ప్రెస్సులకు కొత్తేమీ కాదు, అచ్చంగా 1/8 డెమ్మీ, తెలుగు నవల సైజు. డెమ్మీ షీటుకు రెండు వైపులా కలిపి 16 పేజీలు, ఒక ఫారం. కాగితం వృథా కాదు కాబట్టి మన ప్రచురణకర్తలకు అది ఇష్టమైన కొలత. కానీ పెద్ద పేజీని ఆ సైజుకు దించితే బొమ్మ పొడవు వెడల్పులు 83 శాతానికి తగ్గుతాయి, వైశాల్యం దాదాపు మూడో వంతు పోతుంది. 8 పాయింట్ల అక్షరం 6.6కు పడిపోతుంది. ఇంగ్లీషు పెద్దబడి అక్షరం ఆ సైజులో బతుకుతుంది, తెలుగు వత్తు బతకదు. 9.99 డాలర్ల ధర చూసి కాంపాక్ట్ వరుసను మెచ్చుకోవడంలో తప్పు లేదు, కుర్రాళ్ల చేతికి పుస్తకం అందుతోంది. అదే నమూనా తెలుగుకు తెస్తే మాత్రం కథ చదవలేని పుస్తకం తయారవుతుంది. తెలుగు బొమ్మల కథకు, డెమ్మీ కన్నా పెద్దదైన 1/4 క్రౌన్ కన్నా తక్కువ సైజు ఒప్పుకోకూడదు.

కుట్టు, జిగురు, మే నెల

పుస్తకం కొన్నాక రెండో వేసవికి బయటపడేది బైండింగ్. పల్చటి సంచికకు సెంటర్ పిన్ చాలు. లావు పుస్తకానికి రెండు దారులు. ఒకటి పర్ఫెక్ట్ బైండింగ్, అంటే పేజీల వీపును గరుకుగా చెక్కి వేడి జిగురు పూసి అట్ట అంటించడం. రెండోది సెక్షన్ కుట్టు, ఫారాలను మడిచి ఒక్కో మడతలోంచి దారం పోనిచ్చి కుట్టడం. మామూలు వేడి జిగురు ఏళ్లు గడిచేకొద్దీ ఎండి పెళుసెక్కుతుంది. విజయవాడ మే నెల ఎండలు, ఆ వెంటనే కృష్ణ ఒడ్డు తేమ ఆ పనిని తొందర చేస్తాయి. ఆర్ట్ పేపరుతో ఇంకో చిక్కుంది. దాని మీది నున్నటి పూత వల్ల జిగురు కాగితం పీచు దాకా దిగదు. ఆర్ట్ పేపరు, వేడి జిగురు, 400 పేజీలు కలిస్తే నాలుగోసారి తెరిచేసరికి మధ్య పేజీలు చేతికొస్తాయి. పీయూఆర్ అనే రకం జిగురు దీనికన్నా చాలా నయం. పూత లేని మంచి మాప్లితో కాగితం మీద, దారంతో కుట్టిన పుస్తకానికి మాత్రం సాటి లేదు.

కొనేముందు పుస్తకాన్ని నిలబెట్టి వీపు పైకొస నుంచి చూడాలి. పేజీలు చిన్న చిన్న మడతల కట్టలుగా కనిపిస్తే కుట్టు అయి ఉండొచ్చు, సూటిగా ఒకే దిమ్మెలా ఉంటే జిగురే. ఇక్కడ ఒక మోసం ఉంది. మడతలకు గాట్లు పెట్టి అందులోకి జిగురు పంపే పద్ధతిలోనూ కట్టలు అలాగే కనిపిస్తాయి. అందుకే కట్ట మధ్య పేజీ తెరిచి దారం కంటితో చూస్తేనే నమ్మాలి. ఆ తర్వాత పుస్తకం నడిమిలో రెండు పేజీల మీద పరుచుకున్న బొమ్మ ఒకటి వెతికి, ఎవరి ముఖమైనా మడతలో పడిపోయిందేమో చూడాలి. ఎన్నో సంచికలు ఒకే అట్టలో చేర్చిన వెయ్యి పేజీల ఆమ్నిబస్‌లకూ, మూడు భాగాలు ఒకటిగా వేసే మాంగా (జపాన్ కామిక్స్) సంపుటాలకూ ఈ దోషం ఎక్కువ. విడి సంచికలో మధ్య పేజీకి పిన్ను దగ్గర ఏమీ పోదు, అదే బొమ్మ లావు సంపుటంలో రెండు ముక్కలవుతుంది.

కాగితానికి పీచు వరస ఉంటుంది. అది వీపుకు సమాంతరంగా ఉంటే పేజీ మెత్తగా వాలుతుంది, అడ్డంగా ఉంటే తెరిచిన పేజీ చేయి తీయగానే లేచి మూసుకుంటుంది, వర్షాకాలంలో అంచులు అలల్లా తిరుగుతాయి. కాగితం ఆదా కోసం షీటును అడ్డం తిప్పి వేసినప్పుడు ఇలా అవుతుంది. ఫిర్యాదుల్లో "బైండింగ్ బిగుతు" అని రాసేదాంట్లో కొంత నిజానికి ఇది.

పుస్తకంలో ఏముంది, ఏం పోయింది

సంపుటం లోపల ఏ సంచికలు ఉన్నాయన్నది ముఖపత్రం మీద కాక కాపీరైట్ పేజీలో ఉంటుంది. అది చదవకుండా కొని, సగం కథ రెండోసారి కొన్నవారు ఎందరో. అమర్ చిత్ర కథ దీనికి మంచి ఉదాహరణ. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన ఈ వరుసలో కృష్ణుడి కథ మొదట 11వ నంబరు, తర్వాతి ముద్రణల్లో 501. పాత జాబితా పట్టుకుని నంబర్లు పోల్చి కొంటే ఒకే పుస్తకం రెండుసార్లు ఇంటికొస్తుంది. మూడేసి, ఐదేసి కథలు కలిపిన సంపుటాల్లోనూ ఒక కథ రెండు వేర్వేరు కూర్పుల్లో ఉండే వీలుంది, పేర్లు సరిచూసుకోవాలి. 42 సంచికలుగా వచ్చిన మహాభారతాన్ని మూడు సంపుటాల్లో కూర్చినది మాత్రం సంపుటం ఎందుకు కావాలో చెప్పడానికి పనికొచ్చే పుస్తకం. విడిగా కొంటే మధ్యలో ఒక్క సంచిక తప్పినా కథ తెగిపోయేది.

సంపుటాలు వేసేటప్పుడు సీరియల్ మొదట్లో వచ్చే 'జరిగిన కథ' తీసేయడం న్యాయమే. అట్టబొమ్మలు, పాఠకుల ఉత్తరాలు తీసేయడం మాత్రం తగదు. ఆ కథ ఏ నెలలో, ఏ ధరకు, ఎలాంటి ప్రకటనల మధ్య వచ్చిందో చెప్పే ఆధారం అవే. చివర పది పేజీలు కలిపితే సరిపోయే పని అది.

కొత్త విడుదలల సంగతి కొంచెం వేరు. అమెరికా పద్ధతిలో నెలకు 20 పేజీల పైచిలుకు కథ వస్తుంది, ఐదారు నెలలవి కలిపి సంపుటం వేస్తారు. విడి సంచికలు విజయవాడ, గుంటూరు దుకాణాలకు క్రమంగా రావు కాబట్టి ఇక్కడి పాఠకుడి చేతికి కొత్త కథ చేరేది సంపుటంగానే. అందుకే నెలనెలా చదివినవారి అభిప్రాయం ఇక్కడ పూర్తిగా వర్తించదు. నెలకో ముక్క చదివినవారికి "కథ సాగింది" అనిపించినది, ఒక్క పూటలో 130 పేజీలు చదివేవారికి చక్కగా నడిచినట్టుంటుంది. 2024 అక్టోబరులో మొదలైన 'అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్' లాంటి వాటి మీద మాటలు వినేటప్పుడు, చెప్పినవారు ఎలా చదివారో అడగడం మంచిది. ఫ్రెంచి ఆల్బం పద్ధతిలో ఈ బాధ లేదు. ఆస్టెరిక్స్ 2013 నుంచి రెండేళ్లకోసారి, బేసి సంవత్సరం అక్టోబరులో ఏకంగా పుస్తకంగానే వస్తోంది. ఆగి సంపుటం కొనాలా అన్న ప్రశ్నే రాదు.

ధర విషయంలో రెండు లెక్కలు గుర్తుంచుకోవాలి. అచ్చు పుస్తకాలకు జీఎస్‌టీ లేదు. దిగుమతి పుస్తకాల మీద 2019 బడ్జెట్‌లో 5 శాతం సుంకం వేశారు. డాలరు మారకం, ఈ సుంకం, రవాణా కలిసి ధర తేలుతుంది. అచ్చులో లేని ఆమ్నిబస్‌కు రెండింతలు అడిగేవారి దగ్గర తొందరపడక్కర్లేదు. గిరాకీ ఉన్నది చాలాసార్లు మళ్లీ అచ్చు అవుతుంది, అప్పుడు పాత ప్రతి ధర దిగుతుంది. సగం ధరకు దొరికే మాంగా విషయంలో మాత్రం జాగ్రత్త. దొంగ అచ్చుల్లో ముఖపత్రం మసకగా, లోపలి నలుపు బూడిద రంగులో, అంచులు అసమానంగా తెగి ఉంటాయి. పేజీల వరస కూడా తప్పుతుంది.

పొరుగున శివకాశిలో 1972లో ముత్తు కామిక్స్, 1984లో లయన్ కామిక్స్ మొదలై తమిళంలో ఇప్పటికీ కొత్తవీ పాతవీ రంగుల్లో వస్తున్నాయి. ఏడాది చందా ముందే కట్టించుకోవడం వల్ల ఎన్ని ప్రతులు వేయాలో వారికి ముందే తెలుస్తుంది. తెలుగులో పునర్ముద్రణ వేసేవారు అమ్ముడవుతుందో లేదోనన్న భయంతో తక్కువ ప్రతులు వేస్తారు. తక్కువ ప్రతులు కాబట్టి ఒక్కోదాని ఖర్చు పెరుగుతుంది, ఆ ఖర్చు తగ్గించడానికి కుట్టు మాని జిగురు, క్రౌన్ మాని డెమ్మీ. పాఠకుడు ఆ పుస్తకం చూసి పెదవి విరుస్తాడు. రెండో పుస్తకానికి ప్రతులు ఇంకా తగ్గుతాయి. ఈ వలయం తెగాలంటే ముందుగా డబ్బు కట్టే ఐదారు వందల మంది చాలు. వారు కుట్టు కావాలని, క్రౌన్ కావాలని ముందే అడగాలి కూడా.

అంతకన్నా అత్యవసరమైన పని మూలప్రతులది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం ఇళ్లలోకి వచ్చినప్పుడు మంచం కింద పెట్టెల్లోని పుస్తకాలన్నీ నీళ్లలో నానాయి. తడిసిన ఆర్ట్ పేపరు ఆరితే పూత కరిగి పేజీలు ఇటుకలా అతుక్కుంటాయి, ఆ తర్వాత విడదీయడం ఎవరి వల్లా కాదు. తడిగా ఉండగానే పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి డీప్ ఫ్రీజర్లో పెడితే కుళ్లు ఆగుతుంది. తర్వాత ఒక్కోటీ తీసి పేజీ పేజీకీ మధ్య తెల్ల కాగితం పెడుతూ ఫ్యాను కింద ఆరబెట్టొచ్చు. కరెంటు లేని వరదలో అది కుదరకపోతే, ముందు ఆర్ట్ పేపరువి, ఆ తర్వాతే న్యూస్‌ప్రింట్‌వి చూడాలి. న్యూస్‌ప్రింట్ అతుక్కోదు, ఆరాక వంకర్లు తిరిగినా చదవొచ్చు. మామూలు రోజుల్లో పుస్తకాలు నేలకు రెండడుగుల పైనే ఉండాలి. గోడకు ఆనకూడదు. లావు ఆమ్నిబస్‌లను నిలబెడితే పేజీల బరువుకు అట్ట కీలు సాగుతుంది, పడుకోబెట్టాలి. చిరిగిన పేజీకి సెల్లోటేపు వేయకూడదు, దాని జిగురు పదేళ్లలో గోధుమరంగు మరకై బొమ్మలోకి దిగుతుంది.

ఇళ్లలో మిగిలిన పాత సంచికలే రేపటి పునర్ముద్రణకు మూలాలు. బైండు చేసినదైతే పక్క కుట్టు దారం కోసి విప్పాలి. విప్పకుండా స్కాన్ చేస్తే మడతలోని అర అంగుళం ఎప్పటికీ దొరకదు. తుప్పు పట్టిన పిన్నులను లాగకుండా వెనక వైపు కాళ్లు నిటారుగా లేపి తీయాలి. ప్రతి షీటు వెనకా నల్ల కాగితం పెడితే వెనక పేజీ నీడ పడదు. 600 డీపీఐలో, రంగులో, టిఫ్ ఫైలుగా దాచాలి, నలుపు తెలుపు పేజీలు కూడా రంగులోనే, ఎందుకంటే పసుపెక్కిన కాగితాన్ని తర్వాత వేరుచేయడానికి ఆ రంగు సమాచారమే ఆధారం. శుభ్రం చేసిన ఫైలుతో పాటు ముట్టుకోని మొదటి స్కాన్‌ను కూడా రెండు చోట్ల ఉంచాలి. అట్ట, వెనక అట్ట, ప్రకటనలు, నెల, ఏడు కనిపించే పేజీ అన్నీ అందులో ఉండాలి. విప్పిన షీట్లను మళ్లీ బైండుకు ఇచ్చేటప్పుడు కటింగ్ మిషన్ దగ్గర నిలబడి అంచులు కొట్టొద్దని చెప్పి చేయించుకోవాలి.